బావ చేతిలోని కొక్కెం

మదీనాగూడ,
1999 జూలై, బుధవారం

తమ్ముడు కిరణ్ పాల్‌కు,

యేసయ్య నామంలో వందనాలు. ఇక్కడ నేనూ కెజియా క్షేమం. అందరం క్షేమమని రాయడం అలవాటు గనుక చెయ్యి అటే పోయింది గానీ, ఆపేశాను. ఎందుకో తర్వాత చెబుతాను.

సోమవారం నీ ఆఫీసుకు వచ్చాను. కొత్తగూడ చౌరస్తా దాకా ఆటో, అక్కణ్ణుంచి వానలో నడక. గేటు దగ్గర కాపలా అతను పైకి ఫోన్ చేసి, "సార్ మీటింగ్‌ల ఉన్నరట అమ్మా. ఏమన్న ఉంటే రాసియ్యమన్నరు" అన్నాడు. సరే, రాసిస్తున్నాను. మీ బిల్డింగ్ అద్దాల్లోంచి బయటివాళ్లకు లోపల ఏమీ కనిపించదు. లోపలివాళ్లకు మాత్రం వానలో నిలబడ్డ అక్క బాగానే కనిపిస్తుందట కదా? ఆ కాపలా అతనే చెప్పాడు పాపం.

నీ ఉత్తరంలో కెజియా బడి సంగతి అడిగావు. రెండో తరగతికి వచ్చింది. రోడ్డు మీద ఏ కంపెనీ బస్సు పోయినా మామ ఉన్నాడని చెయ్యి ఊపుతుంది. వద్దని ఇంకా చెప్పలేదు.

ఇక అసలు ప్రశ్న. మా షెడ్డులో హైడ్రాలిక్ బ్లాకులకు బెజ్జాలు వేస్తుంటే డ్రిల్లులు ఎందుకు విరుగుతున్నాయి, బావ ఏం చేస్తున్నాడు అని రాశావు. బావ ఏం చేస్తున్నాడట! డిప్లొమా కాగితం పట్టుకుని వచ్చిన నిన్ను ప్రోగ్రాంతో నడిచే ఆ సీఎన్‌సీ మెషీన్ ముందు నిలబెట్టి, చెయ్యి పట్టుకుని నేర్పినవాడి గురించి అలా రాయడానికి సిగ్గనిపించలేదురా నీకు?

డ్రిల్లులు నకిలీవేమో అన్నావు. రాణీగంజ్ నుంచి సీలు వేసిన డబ్బాలు తెప్పించాం, అవీ విరిగాయి. ఉక్కు గట్టిదేమో అన్నావు. ముందు వచ్చిందీ అదే ఉక్కు, ఇప్పుడు వస్తున్నదీ అదే. డ్రిల్లును చల్లబరిచే కూలెంట్ పల్చబడిందేమో అన్నావు. చిక్కగా కలిపితే షెడ్డంతా జిడ్డయి, రెండో ఆపరేటర్ ఎల్లేశం జారిపడ్డాడు. డ్రిల్లు మాత్రం మళ్లీ విరిగింది. బావ స్పీడు నాబ్ తిప్పుతున్నాడేమో అని చివర్న ఓ చురక. తిప్పాడు, తగ్గించడానికి! ఆడలేక మద్దెల ఓడన్నట్టు లోకంలో అన్నిటినీ అనుమానించావు గానీ, ప్రోగ్రాంలో నువ్వు మార్చిన లైను జోలికి మాత్రం పోలేదు.

ఆ ఆదివారం గుర్తుందా? మందిరం నుంచి నేరుగా షెడ్డుకు వచ్చావు. ఓనరు రంగనాథ్ గారు "మా సాఫ్ట్‌వేర్ పిల్లోడొచ్చినాడు" అని కుర్చీ వేయించారు. డ్రిల్లు కొంచెం దిగడం, పూర్తిగా పైకి వచ్చి ఇనుప పొట్టు దులుపుకోవడం, మళ్లీ దిగడం చూసి నువ్వు నవ్వావు. "ఏంది బావా, మాటిమాటికి గీ పైకొచ్చుడు? టైం అంతా వేస్ట్" అన్నావు. ప్రోగ్రాంలో డ్రిల్లును పైకి తెచ్చే ఆదేశం జీ ఎనభై మూడును డెబ్బై మూడు చేశావు. ఇక డ్రిల్లు బయటికి రాదు. లోపలే వెంట్రుకవాసి వెనక్కి జరిగి మళ్లీ ముందుకే పోతుంది. పని చకచకా అయిపోయింది. రంగనాథ్ గారు నీ వీపు తట్టి, సరుకు తీసుకునే కంపెనీకి అప్పటికప్పుడే ఫోన్ చేసి, ఎక్కువ బ్లాకులిస్తామని మాట కూడా ఇచ్చేశారు. నేనూ చప్పట్లు కొట్టాను, నా చేతులు విరగ!

చిటికెన వేలంత బెజ్జం, జానెడు పైన లోతు. పైకి తేకపోతే ఆ పొట్టు ఎటు పోతుందిరా? లోపలే కుక్కుకుంటుంది. కూలెంట్ మొన దాకా దిగదు. డ్రిల్లు వేడెక్కి పుటుక్కుమంటుంది. ముక్క లోపల ఇరుక్కుంటే ఆ బ్లాకు ఇక తుక్కే. షెడ్డులో నేను బ్లాకులు పరీక్షించే బల్ల కింద అలాంటివి గుట్టపడ్డాయి.

ఈ సంగతి మీ బావకు మొదటి డ్రిల్లు విరిగినప్పుడే తెలుసు. ఎవరూ లేనప్పుడు పాత ప్రోగ్రాంతో ఒక బ్లాకు చేసి నా బల్ల మీద పెట్టాడు. అద్దంలా ఉంది బెజ్జం. మరి ఓనరుకు చెప్పవేమని నేను గొడవపడ్డాను.

"పిల్లగాడు అందరి ముంగట శబాష్ అనిపించుకున్నడు. గది నా నోటితోటి ఎట్ల తీసేస్తనే? నువ్వు ఫికర్ చెయ్యకు, నేను నడిపిస్త" అన్నాడు.

ఎలా నడిపించాడో విను. తలుపు తెరిస్తే మెషీన్ ఆగిపోతుంది కదా, ఆ స్విచ్చుకు తీగ చుట్టాడు. తలుపు తెరిచే పెట్టుకుని, కొక్కెం పట్టుకుని నిలబడ్డాడు. డ్రిల్లుకు చుట్టుకున్న పొట్టును కొక్కెంతో లాగుతాడు, గాలి గొట్టంతో ఊదుతాడు, మళ్లీ లాగుతాడు. నువ్వు తీసేసిన పనిని మనిషి చేత్తో చేశాడురా! ఎందుకు? బామ్మర్ది లైను తప్పని ఎవరూ అనకూడదని. నాకు ఆయన మీదా కోపమే. కానీ ఆయన తెలిసి కూడా తప్పును మోశాడు, నువ్వు అది నీదేమో అని కూడా అనుకోలేదు.

పోయిన గురువారం డ్రిల్లు విరిగి ముక్క ఎగిరింది. కళ్లద్దాలు పెట్టుకోలేదా అని అడుగుతావు, నీకు ప్రశ్నలకేం తక్కువ! కూలెంట్ చిమ్మి అద్దాలు మసకబారితే నుదుటి మీదికి నెట్టుకున్నాడు. ముక్క కుడికంట్లో దిగింది. ఆపరేషన్ చేశారు. చూపు ఎంత మిగులుతుందో శనివారం కట్టు విప్పితేగానీ చెప్పలేమన్నారు. పైన వాక్యం ఆపింది ఇందుకే. నీకు చెప్పవద్దని దవాఖానా మంచం మీద నుంచే బైబిలు నా చేతికిచ్చి ఒట్టు వేయించుకున్నాడు. ఆ ఒట్టు ఇప్పుడు తప్పుతున్నాను. దేవుడికి నేను జవాబు చెప్పుకుంటాను.

రంగనాథ్ గారు వచ్చి, "తలుపెందుకు తెరిచినావు ఇస్సాకూ?" అని అడిగారు. ఈయన "తప్పు నాదే సార్" అన్నాడు. ఇంకేం, ఇక పనిలోకి రావద్దన్నారు. నేను వెంటపడి లైను సంగతి చెప్పాను. "మొగుణ్ణి కాపాడుకునేకి తమ్ముడి మీదకి తోస్తాండావా అమ్మా? ఆ పిల్లోడొచ్చి చెప్తే అప్పుడు వింటా" అన్నారు.

మెషీన్లో ఇంకా నీ లైనే ఉంది. ఇప్పుడు ఎల్లేశం నిలబడుతున్నాడు, మీ బావ కొక్కెమే పట్టుకుని. తలుపు మూసి చెయ్యమన్నాను. "మూస్తే డ్రిల్లు ఇరుగుతది అక్కా. ఇరిగితే నా నౌకరి ఉంటదా?" అన్నాడు. అతనికీ రెండు కళ్లే ఉన్నాయి.

నిన్న మీ బావ కట్టులేని కంటితో నన్ను చూసి, "కిరణ్‌గాన్ని శనివారం రమ్మంటవా? కట్టు ఇప్పంగనే ముందుగాల వాన్నే చూడాలె" అన్నాడు. వాడు మీటింగ్‌లో ఉన్నాడని చెప్పాను.

శనివారం నేరుగా దవాఖానాకు రావద్దు. ముందు షెడ్డుకు పో. రంగనాథ్ గారి ముందు నిలబడి ఏం మార్చావో నీ నోటితో చెప్పు. డెబ్బై మూడును నీ చేత్తోనే ఎనభై మూడు చెయ్యి. ఎల్లేశం చేతిలోంచి ఆ కొక్కెం తీసుకుని, దాన్ని పట్టుకుని రా. పళ్లూ బిస్కెట్లూ పట్టుకొచ్చావంటే గుమ్మంలో నేనే కూర్చుని ఉంటాను. లోపలికి ఫోన్ చేసి అడగడానికి నా దగ్గర ఫోన్ కూడా లేదు.

ఇట్లు,
ఇస్సాకు భార్య,
సెలీనా