బుధవారం పాఠం

కోచ్ గారికి నమస్కారం.

నిన్నటి దంపతుల గోల్ఫ్ పోటీలో మేమే గెలిచాం. ఆఖరి గుంతకి నాలుగడుగుల దూరంలో బంతి ఆగింది. కొట్టే వంతు నాది. పడితే గెలుపు, లేకపోతే ఓటమి. మా వారు వెనకే నిలబడి "గట్టిగా కొట్టవే, గట్టిగా!" అని ఒకటే గొణుగుడు.

"మీరు కాసేపు నోరు మూసుకుంటారా?" అన్నాను. నిజంగానే మూసుకున్నారు.

మీ దగ్గర చేరిన కొత్తలో కొట్టీ కొట్టకముందే తల ఎత్తేదాన్ని కదా. ఈసారి ఎత్తలేదు. మీరు నేర్పినట్టే గడ్డినే చూస్తూ చెవులు రిక్కించాను. గుంతలో టక్కుమని చప్పుడైంది. చూసేసరికి మా వారు టోపీ గాల్లోకి ఎగరేసి, "మా ఆవిడండీ! మా ఆవిడే!" అని కనబడ్డవాళ్ళందరికీ చెబుతున్నారు.

బంతి దొర్లించడానికి కూడా ట్యూషనా అని నవ్విన మనిషే ఈయన. ఇవాళ నేను కూరలు కొనుక్కుని వచ్చేసరికి, సోఫా గోడకి జరిపి, తివాచీ మీద గ్లాసు పడుకోబెట్టి, అందులోకి బంతులు కొడుతున్నారు. ఒక్కటీ పడటం లేదు. నా పాత జబ్బే ఆయనకీ ఉంది.

"ఊరికే, తివాచీ దులుపుదామనీ..." అన్నారు.

మిమ్మల్ని అడగడానికి ఆయనకి నామోషీ. అందుకని మీ అంతట మీరే పిలిచినట్టు పిలవండి. నేను రాశానని చెప్పకండి. ఏ రోజు రమ్మన్నా వస్తారు. బుధవారం పది గంటలకు మాత్రం వద్దు. ఇంట్లో అన్నీ ఇద్దరివీ, ఆ గంట నాది.

మీ శిష్యురాలు