మూలన పేరు

ఫిబ్రవరి 3, 2025, సోమవారం

ఈరోజు చారన్నం కూడా పాయసంలా ఉంది. గౌతమి నాచారంలో గది తీసుకుంది! ఇన్నేళ్లు హబ్సిగూడలో ఒకరి దగ్గర పని చేసిన నా బిడ్డ సొంతంగా ఫిజియోథెరపీ క్లినిక్ పెడుతోంది. పదహారో తారీఖు, ఆదివారం ఓపెనింగ్. ఫ్లెక్స్ కొట్టిద్దాం బిడ్డా, గంటలో అయితది అన్నాను. వద్దు నాన్నా, బోర్డు నువ్వే రాయాలె, బ్రష్షుతోనే రాయాలె అన్నది. మీ నాన్న బ్రష్షులు ఎండి చీపురుపుల్లలైనయి అని మా ఆవిడ సారలమ్మ ఒకటే నవ్వు. నవ్వనీ. దేవుడికి రెండుసార్లు దండం పెట్టాను. ఇది రాసేముందు ఇంకోసారి పెట్టాను.

ఫిబ్రవరి 4

సంతోషం వెనకే భయం వచ్చింది.

నలభై ఏళ్లు ఉప్పల్ నుంచి ఘట్‌కేసర్ దాకా బోర్డులు రాశాను. చదివింది ఆరో తరగతి. చీటీ మీద ఉన్నది గోడ మీద దించేవాణ్ని. చిన్నప్పుడు గౌతమి నిచ్చెన కింద నిలబడి, నేను రాసిన ఒక్కో అక్షరం గట్టిగా చదివేది. తప్పుంటే దానికే ముందు తెలిసేది. అది ఎనిమిదిలో ఉండగా వాళ్ల బడి గోడ ఒక్కటి అది లేకుండా రాశాను. ‘విద్యార్థులకు స్వగతం.’ ఒక్క దీర్ఘం పోయింది. ఎవడ్రా గిది రాసినోడు, బడికి పోయిండా అసలు అని సార్ అడిగితే క్లాసంతా నవ్విందట. బిడ్డ ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు.

సాయంత్రమే పోయి దీర్ఘం పెట్టాను. మూలన ఉన్న నా పేరు మీద తెల్లరంగు కొట్టాను. ఆ తర్వాత ఏ బోర్డు మీదా పేరు వేసుకోలేదు. గౌతమి మళ్లీ నిచ్చెన దగ్గరికి రాలేదు.

ఫిబ్రవరి 6

మా వీధి త్రిమూర్తులు సార్ దగ్గరికి పోయాను. అమలాపురం మనిషి, ప్రెస్సులో ప్రూఫులు దిద్ది రిటైరయ్యాడు. తప్పు కనిపిస్తే ఆయనకు తలనొప్పి. మొన్న మందుల షాపులో ‘ప్రధమ చికిత్స’ అని చూసి, ఆ ‘థ’ పొట్టలో చుక్క పెట్టేదాకా ఇక్కడ కొననండీ అని బీపీ బిళ్లలు లేకుండానే ఇంటికొచ్చాడట. వాళ్లావిడ తిట్టి మళ్లీ పంపిందట. అర్థంలో చుక్క తీసేస్తే అర్ధమే మిగులుద్దండీ సాంబయ్యగారూ, అంటే సగం అన్నాడు. థెరపీకి కూడా చుక్క ఉండాలని నా చేత ఇరవైసార్లు రాయించాడు. ఎంత మంచి మనిషో!

ఫిబ్రవరి 9

పాత అట్ట మీద ‘థెరపీ’ ఇంకో ఇరవైసార్లు రాశాను.

ఫిబ్రవరి 13

బోర్డు మీద చాక్‌పీసుతో రాసి క్లినిక్ ముందు నిలబెట్టాను. మా పనిలో ఇది పాత పద్ధతి. రంగు వేయకముందు ఒక పూట వదిలేస్తే, తప్పుంటే వీధే చెబుతుంది. పాలాయన చదివాడు. బడి పిల్లలు కూడబలుక్కుని చదివారు. నా వెంట వచ్చిన త్రిమూర్తులు సార్ అద్దాలు తుడుచుకుని మూడుసార్లు చదివి, ఒక్క తప్పూ లేదండీ, నాకే దిగులుగా ఉంది అన్నాడు.

సాయంత్రం గౌతమి వచ్చి చాలాసేపు చూసింది. ఒక తప్పున్నది నాన్నా అన్నది. ఎక్కడమ్మా, చూపించు అని సార్ రోషంగా లేచాడు. అది కింది మూలన వేలు పెట్టి, రాసినాయన పేరేది అన్నది.

ఆ అలవాటు ఎప్పుడో పోయింది బిడ్డా అన్నాను.

అలవాటు గాదు నాన్నా, నాకెరుకే అన్నది. తెల్లారి బడికి పోయి ఆ తెల్లరంగు సూసిన, నీ పేరు లేదని ఖుషీ అయిన, గా సంగతి యాదికొస్తే ఇప్పటికీ ముద్ద దిగది అన్నది.

సార్ అటు తిరిగి ఎదురు షాపు బోర్డు చదవడం మొదలుపెట్టాడు.

ఫిబ్రవరి 15, ఉదయం 7 గంటలు

బోర్డు పైకెక్కింది. మూల ఒక్కటే మిగిలింది. గౌతమి నిచ్చెన పట్టుకుంది.

‘సాం’ రాశాను. చదివింది.

‘బ’ రాశాను. చదివింది.

‘య్య’ రాశాను. చదవకుండా నిచ్చెనకు తల ఆనించింది. అది గట్టిగా చదివేదాకా నేను నిచ్చెన దిగలేదు.