పైప్‌లైన్ యూనిట్లు

నాన్నా,

ఈ ఉదయం ప్రకాశం అంకుల్ మన గుమ్మంలో బూట్లు విప్పితే, ఒక సాక్సు తిరగేసి ఉంది. అంత కంగారుగా వచ్చాడు. మనం యూనిట్లు, అంటే వాటాలు, కొన్న అమెరికా పైప్‌లైన్ పార్ట్‌నర్‌షిప్‌ని దాని మాతృసంస్థ తనలో కలిపేసుకుంది. యూనిట్ల బదులు ఇకమీదట షేర్లు. మూడు నెలలకోసారి వచ్చే ఆదాయం దాదాపు సగానికి పడిపోయింది.

ఇక్కడ జాన్సన్‌విల్‌లో ఉన్న మన తెలుగువాళ్లంతా ఆయన మాట మీదే అవి కొన్నారు. ఎవరూ ఏదీ చదవలేదు. ఆయన చదివాడనుకున్నారు. నువ్వు పోయాక మన అద్దె ఆ ఆదాయంతోనే కట్టేవాళ్లం కాబట్టి, కొన్ని నెలల క్రితం విలీనం ప్రతిపాదన పత్రాలు రాగానే నేను మొత్తం చదివాను. ఆదాయం తగ్గుతుందని అందులోనే ఉంది. మనింట్లో అందరూ చేరినప్పుడు అది చెప్పబోతే ఆయన వాళ్ల ముందే నవ్వాడు.

"నవలలు చదువుకునే పిల్లవి, నీకెందుకమ్మా ఇవన్నీ? మీ నాన్నకీ ఇదే పిరికితనం. వెళ్లి టీ పట్రా."

టీ తెచ్చాను. మర్నాడు అమ్మతో సంతకం పెట్టించి నీ యూనిట్లన్నీ అమ్మేశాను.

ఇవాళ అడిగాడు, "మీకూ తగ్గిందా అమ్మా?"

"మేం ముందే అమ్మేశాం అంకుల్."

"ఒక్క మాట చెప్పొచ్చుగా!"

"మీరు టీ తెమ్మన్నారు కదా అంకుల్. తెచ్చాను."

ఆయన ముఖం నల్లబడింది. ఎప్పుడూ తల దించుకునే నేను, ఇవాళ కళ్లు తిప్పకుండా చూశాను. చాలా హాయిగా ఉంది నాన్నా.

కానీ అంకుల్ యూనిట్లు వాళ్లావిడ సునంద ఆంటీ రెస్ట్‌హోమ్‌లో ముసలివాళ్లకి సేవ చేసి కూడబెట్టిన జీతంతో కొన్నవి. నువ్వు పోయినప్పుడు మనింటికి రోజూ క్యారేజీ తెచ్చింది ఆవిడే.