అమ్మ గొంతూ ఇరవై వాట్లూ

అక్టోబర్ 3, శుక్రవారం, బర్కా, ఒమాన్

మా ఇంటి హాల్లో చర్చి పాటల ప్రాక్టీసు. అమ్మ పైస్థాయి అందుకునేసరికి ఒక స్పీకరు చిటచిటలాడి మూగబోయింది. మీ గొంతుకి గోడలే బీటలు తీస్తాయి సిస్టర్, పాపం స్పీకరెంతండీ, అన్నారు మా క్వయర్ నడిపే టిమోతి అంకుల్. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అమ్మ కూడా నవ్వి, మైకు కింద పెట్టేసింది.

అక్టోబర్ 5, ఆదివారం

హాస్పిటల్ డ్యూటీ నుంచి వచ్చి టీ పెట్టుకుంటూ కూడా కూనిరాగం తీసే అమ్మ, రెండు రోజులుగా తీయడం లేదు. క్రిస్మస్ సోలో నవీన ఆంటీకి ఇచ్చేయమని అంకుల్‌కి మెసేజ్ పెట్టిందట.

నేనెందుకు నవ్వాను?

అక్టోబర్ 8, బుధవారం, సాయంత్రం 5

స్పీకరు విప్పాను. కింది పెద్ద కోన్ బాగానే ఉంది. పైనుండే చిన్నది, సన్నటి కీచు శబ్దాలు పలికే ట్వీటర్, కాలిపోయింది. స్పీకరు వెనక 80 వాట్స్ అని ఉంది. అంకుల్ తెచ్చిన బుల్లి యాంప్లిఫయర్ మీద 20. ఇరవై ఎనభైని ఎలా కాలుస్తుంది? ఈసారి సేఫ్టీకి పది వాట్లదే తెస్తానంటున్నారు అంకుల్.

అక్టోబర్ 11, శనివారం

అవరోధం. ఇంపిడెన్స్‌కి తెలుగు మాట. రాసి చూసుకుంటే ఎంత బాగుందో! కానీ దోషి అది కాదు. స్పీకరుకీ యాంప్‌కీ అది సరిపడలేదేమో అనుకున్నాను, రెండిటికీ ఎనిమిది ఓమ్సే.

సూక్‌లో, అంటే ఇక్కడి బజార్లో, రిపేర్ షాపు ఎహసాన్ భాయ్ దగ్గరికి వెళ్లాను. వాల్యూమ్ ఎంత తిప్పారు బేటీ అని అడిగాడు. ఫుల్ అన్నాను. తల పట్టుకున్నాడు. శబ్దాన్ని అలలా గీసి చూపే తన స్కోప్ తెర మీద చూపించాడు. చిన్న యాంప్‌ని శక్తికి మించి తిప్పితే తరంగం గుండ్రటి తల తెగి బల్లపరుపుగా అయిపోతుంది. క్లిప్పింగ్. అందులోంచి పుట్టే కీచుదనమంతా ట్వీటర్ మీద పడి దాన్ని మాడ్చేస్తుంది. వంద వాట్ల యాంప్ అయితే అదే శబ్దాన్ని ఆయాసం లేకుండా ఇస్తుందట.

అంటే తప్పు అమ్మ గొంతుది కాదు! ఫుల్‌కి తిప్పింది అంకుల్. షాపులోనే గంతేశాను.

అక్టోబర్ 12, ఆదివారం

చెప్పాను. ఇరవైకే స్పీకరు కాలితే వందకి ఇల్లే కాలుద్దమ్మా ఫేబా, అన్నారు అంకుల్. వదిలెయ్యవే, రెండోది కూడా పోతే మళ్లీ నా పేరే చెప్పుకుంటారు, అంది అమ్మ.

వదలను.

అక్టోబర్ 24, శుక్రవారం, ఉదయం 9

ఎహసాన్ భాయ్ వంద వాట్ల యాంప్ ఈ ఒక్క రోజుకి ఇచ్చాడు. కొత్త ట్వీటర్ నేనే బిగించాను. అమ్మ హాస్పిటల్ టేపు ముక్క ఒకటి వాల్యూమ్ నాబ్ పక్కన అంటించాను. అది హద్దు. నాబ్ మీద నా చెయ్యి తప్ప ఎవరి చెయ్యీ పడకూడదని అంకుల్ మొహం మీదే చెప్పాను. సరే మేడమ్ అన్నారు!

పాట పాడి చూడమని అమ్మని నాలుగు రోజులు బతిమాలాను. ఇది కూడా కాలితే ఇంక మైకు పట్టుకోదు.

మధ్యాహ్నం 1

పైస్థాయి దగ్గర అమ్మ కళ్లు మూసుకుంది. నేను మూసుకోలేదు. స్పీకరు చిన్న గరగర కూడా లేకుండా పాడింది. అంకుల్ నోరు తెరిచేలోపే అమ్మ నావైపు తిరిగి, ఇంకో శ్రుతి పెంచనా ఇంజనీర్ గారూ, అంది.

పెంచమన్నాను.