ఐదో ప్రశ్నలో పిల్లవాడు

ఆగస్టు 4, సోమవారం

సుగుణ బడి నుంచి వస్తూ నాలుగు తెల్ల నోటుపుస్తకాలు తెచ్చింది. కోడలు ఏదైనా అడగాలంటే ముందు టీ ఇస్తుంది. ఇచ్చింది.

బళ్ళో పాఠాలు చెబుతూనే ఎం.ఏ. ఎడ్యుకేషన్ చదువుతోంది కదా — దూరవిద్య. ఆదివారాలు ద్వారకా నగర్‌లో క్లాసులు. ఇప్పుడు అసైన్‌మెంట్లు చేత్తో రాసివ్వాలట.

"జవాబులన్నీ చిత్తుగా రాసి పెట్టేను మావయ్యా. మీ అక్షరం బాగుంటాది. కాస్త ఫెయిర్ చేసి పెట్టండి."

సూచనల కాగితం కూడా ఇచ్చింది. మొదటి వాక్యం — విద్యార్థి స్వదస్తూరితోనే రాయాలి. చదివాను. నేను చదవడం ఆమె చూసింది.

పుస్తకాలు అందుకున్నాను. కాదు అనే మాట నాకు సమయానికి రాదు.

ఆగస్టు 6, బుధవారం

కిటికీ పక్కన బల్ల. ఏడు పేజీలు అయ్యాయి. ముప్ఫై ఏళ్ళు పోర్టు గోదాములో చీటీలు రాసిన చెయ్యి. బస్తాలు, లారీ నంబర్లు. ఇప్పుడు అభ్యసనం, మూల్యాంకనం...

మా ఆవిడ నరసమ్మ చేపలు కడుగుతూ — "ఏడో తరగతి గట్టెక్కని మనిషివి, ఎమ్మే రాత్తన్నావేటి?"

"రాస్తన్నాను."

"పాసయితే సెప్పు. పులుసు పెడతాను."

ఆగస్టు 9, శనివారం

నాలుగు ప్రశ్నలు అయ్యాయి. ఐదోది — మీ తరగతిలో మీరు గమనించిన, మాట్లాడని ఒక విద్యార్థి గురించి రాయండి.

సుగుణ చిత్తు పుస్తకంలో ప్రశ్న ఉంది. కింద ఖాళీ.

అడిగాను. చీర మడతపెడుతూ తల తిప్పకుండానే — "టైము లేదు మావయ్యా. ఏదో ఒకటి మీరే రాసీండి. పేజీన్నర సాలు."

ఆగస్టు 10, ఆదివారం

సుగుణ క్లాసుకి వెళ్ళింది. రాశాను.

పలక మీద ఎక్కాలు రాస్తే ఒక్కటీ తప్పు పోని పిల్లవాడు. నీళ్ళకుండ పక్కన కూర్చుంటాడు. మాస్టారు తల వంచుకుని హాజరు పిలుస్తారు. పదిహేడు — అంటారు. ఉన్నానండి — అనాలి. నోరు తెరుస్తాడు. మాట గొంతు దాటదు. ఈలోగా పద్దెనిమిది అంటారు. రోజూ బళ్ళోనే ఉంటాడు. పట్టీలో మాత్రం లేడు. ఏడాది చివర హాజరు చాలలేదని పరీక్షకు కూర్చోనివ్వరు. ఇంటికి వచ్చి పలక గూట్లో పెట్టేస్తాడు. ఎందుకని ఎవరూ అడగరు.

పేరు రాము అని పెట్టాను. సుగుణ బడిలో పిల్లవాడే అన్నట్టు రాశాను.

పేజీన్నర అనుకున్నది నాలుగు పేజీలయింది.

ఆగస్టు 13, బుధవారం

పక్క వీధి నాయుడు మాస్టారు వచ్చాడు. ఆయనదీ అదే చదువు, అదే సెంటరు. బడి వేరు — భీమిలి దగ్గర.

"సుగుణమ్మకి రాత్తన్నావంట కదా బాబాయ్. నాదీ రాసి పెట్టీ. ఆవిడకి సెప్పకు, నవ్వుతాది."

పుస్తకాలు బల్ల మీద పెట్టేశాడు. నేను ఇంకా ఆలోచిస్తున్నాను. ఆయన గేటు దాటిపోయాడు.

ఆగస్టు 17, ఆదివారం

నాయుడు చిత్తు పుస్తకంలోనూ ఐదో ప్రశ్న కింద ఖాళీయే. "నీకు తోసింది రాసీ" అన్నాడు ఫోన్‌లో.

పొద్దుట నుంచి కూర్చున్నాను. నాకు తెలిసిన పిల్లవాడు వాడొక్కడే.

పేరు కృష్ణ అని మార్చాను. నీళ్ళకుండ తీసేసి ద్వారబంధం పక్కన కూర్చోబెట్టాను. నంబరు మార్చబోయాను... చెయ్యి పదిహేడే రాసింది. ఉంచేశాను. ఎవరు చూస్తారు.

ఆగస్టు 24, ఆదివారం

ఇద్దరూ ఇచ్చేసి వచ్చారు. వేళ్ళ మీది సిరా పోయింది.

సెప్టెంబరు 7, ఆదివారం

సుగుణ క్లాసు నుంచి వచ్చి చెప్పులతోనే లోపలికి వచ్చింది. ఎప్పుడూ అలా రాదు.

"ఆ గుంటడి గురించి బాగా రాసేవమ్మా అన్నారు మావయ్యా, కోఆర్డినేటర్ సార్. ఏ తరగతి, అడ్మిషన్ నంబరు ఎంత అన్నారు. వచ్చే ఆదివారం వివరాలు తెమ్మన్నారు. నాయుడు మాస్టార్నీ రమ్మన్నారు. ఎందుకో సెప్పలేదు."

నాకు తెలిసింది ఎందుకో.

"ఎవడు మావయ్యా ఆడు?"

"ఊరికే... రాశానమ్మా."

అన్నం తినలేదు. కడుపు బాలేదన్నాను.

సెప్టెంబరు 8, సోమవారం

నాయుడు వాకిట్లోనే మొదలుపెట్టాడు. "ఒకడే గుంటణ్ణి రెండు బళ్ళలో సేర్చేసేవేటి బాబాయ్? దస్తూరీ ఒకటే, నంబరూ ఒకటే. సార్ రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి సూత్తన్నారు."

సుగుణ దండెం దగ్గర బట్టలు ఆరేస్తోంది. వింది. చేతిలో తువ్వాలు అలాగే పట్టుకుని నిల్చుంది. నాయుడు వెళ్ళిపోయాక —

"ఆయనకి కూడా రాసేరా?"

తలూపాను.

అరవలేదు. అరిస్తే బాగుండేది. అసైన్‌మెంట్లు కొట్టేస్తే పరీక్షకు కూర్చోనివ్వరు. రెండేళ్ళ ఆదివారాలు పోయినట్టే. టీచర్లకు పాఠం చెప్పే కాలేజీలో పని చెయ్యాలని ఆమె కోరిక. ఈ పట్టా లేకపోతే లేదు.

నా వల్ల ఇంకొకరిని పరీక్షకు కూర్చోనివ్వరు.

సెప్టెంబరు 9

టీ ఇచ్చింది. గ్లాసు బల్ల మీద పెట్టి బడికి వెళ్ళిపోయింది.

సెప్టెంబరు 11, గురువారం

బడి నుంచి వచ్చి బల్ల దగ్గర కూర్చుంది. నా బల్ల దగ్గరే.

"మా బళ్ళో ఒక పాప ఉంది మావయ్యా, మాటాడదు. దాని పేరు ఇచ్చీద్దామనుకున్నాను. నంబరు కోసం రిజిస్టర్ తీసేను."

చేతిసంచి కింద పెట్టింది.

"సగం రోజులు ఆబ్సెంటు. నానే ఏసేను. పక్కపిల్లల్ని అడిగితే రోజూ వస్తాది టీచర్ అన్నారు. మూడేళ్ళబట్టి నా బళ్ళోనే ఉంది. నానూ తలెత్తను మావయ్యా, హాజరు పిలిసేటప్పుడు."

నేను పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టాను.

"ఆ పేరు ఇవ్వను" అంది.

సెప్టెంబరు 12, శుక్రవారం

"ఆ గుంటడు మీరేనా?" అని అడిగింది.

కుళాయి కారుతోందేమో చూడ్డానికి లేచి వెళ్ళాను. కారడం లేదు. లోపల నరసమ్మ గొంతు —

"ఆడే. ఇంకెవడు? పెళ్ళిసూపులకొచ్చి కూకున్నాడు, నీ పేరేటి బాబూ అని మా అమ్మ అడిగితే ఆళ్ళ నాన్న సెప్పేడు. పేరు సెప్పుకోలేని మనిషి, నీకు నాలుగు పేజీలు రాసేడు. అదీ సూసుకో."

కుళాయి దగ్గర చాలాసేపు ఉన్నాను.

సెప్టెంబరు 13, శనివారం

సుగుణ — "రేపు నిజం సెప్పీస్తాను మావయ్యా. రాసింది నాను కాదు అని. ఏటయితే అదవుతాది. మీరు రానక్కర్లేదు."

చొక్కా ఇస్త్రీ చేసుకున్నాను. నరసమ్మ చూసింది. ఏమీ అనలేదు, మొదటిసారి.

పెరట్లో ఎవరూ లేనప్పుడు ఆ మాట అని చూశాను. ఉన్నానండి. పైకి వచ్చింది. మళ్ళీ అన్నాను. పిల్లి లేచి వెళ్ళిపోయింది.

సెప్టెంబరు 14, ఆదివారం

ద్వారకా నగర్. మేడ మీద సెంటరు. బయట బెంచీ. డైరీ సంచిలో పెట్టుకు వచ్చాను, చేతులకు పని ఉంటుందని.

పెందుర్తిలో బస్సు ఎక్కేటప్పుడు సుగుణ వద్దనలేదు. రెండు టికెట్లు తీసింది.

నాయుణ్ణి ముందు పిలిచారు. పది నిమిషాలు. బయటికి వచ్చి చెమట తుడుచుకుంటూ నా పక్కన కూర్చున్నాడు. మెల్లగా — "నాదంతా నానే రాసుకున్నాను, సుగుణమ్మ నా పుస్తకం సూసి అక్షరంతో సహా దించీసిందేమో అనీసేను బాబాయ్. ఇద్దరు పిల్లలున్నోణ్ణి. నువ్వు నోరు తెరవకు. నువ్వెలాగూ తెరవ్వు కదా."

నవ్వాడు. చెడ్డగా కాదు, నన్ను ఎరిగినవాడు నవ్వినట్టే.

సుగుణని పిలిచారు. వెళ్తూ నా వైపు చూసింది. లోపలికి రమ్మన్నట్టు కాదు. వద్దన్నట్టూ కాదు.

నేను చెబితే నాయుడు పోతాడు. చెప్పకపోతే సుగుణ దొంగవుతుంది. చెప్పినా ఆమె చేత్తో రాయలేదన్నది అలాగే ఉంటుంది... ఎటు చూసినా రాసిన చెయ్యి ఇదే.

నాయుడు మోకాలు ఊపుతున్నాడు. బెంచీ అంతా కదులుతోంది. అక్షరాలు వంకర పోతున్నాయి.

తలుపు ఓరగా ఉంది. సార్ గొంతు వినిపిస్తోంది. రెండు పుస్తకాల్లోదీ ఒకే పిల్లాడు అంటున్నారు. అసలు ఉన్నాడా అమ్మా వీడు, అంటున్నారు. సుగుణ మాట వినబడటం లేదు.

మళ్ళీ అడిగారు, కొంచెం గట్టిగా.

"ఈ పదిహేడో నంబరు ఎవరు?"

నాయుడు నా ఎడమ చెయ్యి పట్టుకున్నాడు. లోపల ఎవరూ ఇంకా ఏమీ అనలేదు. పద్దెనిమిది అనేలోగా లేవాలి. పెన్ను మూత పెడుతున్నాను.