రోగికి మీరేమవుతారు?

అక్కకు నీ తమ్ముడు నమస్కరించి రాసేది. ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మ మోకాళ్ళ సంగతి అడిగావు. మెట్లెక్కడం మానేసింది గాని పెత్తనం మానలేదు, కిందనుంచే కేకలేస్తోంది. నీ మరదలికి ఉద్యోగం ఖాయమైంది. నీ చివరి ప్రశ్న దగ్గరే ఇన్నాళ్ళూ ఆగిపోయాను. "ఈత టీచరు ఎప్పుడైనా కనబడిందా?" అన్నావు. ఆరేళ్ళలో నువ్వు ఆమె మాటెత్తడం ఇదే మొదలు.

ముందు పోయిన నెల జరిగింది చెప్తాను. ఆసుపత్రిలో నేనింకా పాసులు రాసే కిటికీలోనే ఉన్నాను. గడియారాలు బాగుచేసే పెద్దాయన ఒకరు వచ్చి, మగవాళ్ళ వార్డులో ఉన్న ఒకాయన్ని చూడాలన్నారు. "రోగికి మీరేమవుతారు?" అని అలవాటుగా అడిగాను.

"మేమిద్దరం జంట, బాబూ. కలిసి ఉండబట్టి ముప్పై ఏళ్ళయింది" అన్నాడాయన, కళ్ళద్దాలు తుడుచుకుంటూ.

నేను కలం పట్టుకుని అలాగే ఉండిపోయాను. వెనకనున్న ఆవిడ విసుక్కుంది. "చెప్పారుగా, రాసివ్వవయ్యా! మా ఆయనకి తెచ్చిన భోజనం చల్లారిపోతోంది." లైనులో ఎవరూ నవ్వలేదు, తల తిప్పి చూడనైనా లేదు. రాసిచ్చాను.

అక్కా, ఆరేళ్ళ కిందట ఆపరేషనై నువ్వు పడుకున్న తొమ్మిది రోజులూ ఈత టీచరు వచ్చింది. ఆ కిటికీకే. "నేనేమవుతానో నీకు తెలుసుగా" అంది. బయటివాళ్ళకు పాసు లేదన్నాను. నాలుగో రోజున "మా అక్క నిన్ను చూడనంటోంది" అన్నాను. నీ దగ్గరికొచ్చి "ఒక్కపూటైనా తొంగిచూడలేదు" అన్నాను. నీ ఫోను నా జేబులో ఉండేది. ఆమె ఫోన్లు రాకుండా చేసిందీ నేనే. అమ్మకివేవీ తెలియవు. నలుగురూ ఏమనుకుంటారోనని చేశాను. ఆ నలుగురూ ఎవరో నాకు ఈనాటికీ తెలియదు. నువ్వు గోడవైపు తిరిగి పడుకోవడం చూశాను. మీరిద్దరూ ఉన్న ఇల్లు ఖాళీ చేసి బదిలీ పెట్టుకోవడమూ చూశాను. అయినా నోరు విప్పలేదు.

మొన్న ఆదివారం ఈత కొలను దగ్గరికి వెళ్ళాను. ఆమె మెడలో విజిలు, తడి చెప్పులు, జుట్టు కాస్త నెరిసింది. అంతా చెప్పాను. తిట్టలేదు. తిడితే బాగుండేది. "రోజూ ఆసుపత్రి మెట్లమీద కూర్చుని, ఇవాళ ఎలా ఉందని నర్సునడిగి వెళ్ళేదాన్ని" అంది. ఇప్పుడామెకు తోడుగా ఇంకొకామె ఉంది. ఈ మాట రాయకూడదనుకున్నాను. కాని దాచితే నీకు మళ్ళీ అబద్ధం చెప్పినట్టే.

క్షమించమని అడిగే మొహం నాకు లేదు. వచ్చేముందు "అక్కకేమైనా చెప్పమంటారా?" అన్నాను. ఆమె నీళ్ళలోని పిల్లలవైపు తిరిగి, విజిలు నోట్లో పెట్టుకోబోయి ఆగింది.

"వచ్చానని చెప్పు" అంది. "అంతే."

ఇట్లు,
ఇంకా అలా పిలవాలనిపిస్తే,
నీ తమ్ముడు