ఏరి పంపిన కార్జం

చిట్టీ,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. రేపు పొద్దున్నే బావగారిని వెంటబెట్టుకుని ఆస్పత్రికి వెళ్లి, రక్తంలో సీసం ఎంతుందో చూడమని అడుగు. మిగతా పనులన్నీ తర్వాత.

నీకు రక్తం తక్కువగా ఉంది, కార్జం తినమని డాక్టరు చెప్పినప్పటి నుంచి అయిదు నెలలుగా వారం వారం నేనే పంపాను. కబేళాలో మాంసం చూసి ముద్ర వేసేవాణ్ణి కదా, పురుగూ గడ్డా లేకుండా నున్నగా మెరిసే ముక్క నీకోసం ఏరేవాణ్ణి. కార్జాన్ని బొటనవేలితో నొక్కితే చాలు, ఆ పశువు జాతకం చెప్పేస్తానని నీ దగ్గర ఎన్ని కోతలు కోశానో. పాత బ్యాటరీలు కరిగించే షెడ్ల వెనక కాలవ నీళ్లు తాగి, ఆ గట్టున గడ్డి మేసిన పశువులట అవి. ముక్కలు పరీక్షకి పంపితే ల్యాబు నుంచి కాగితం వచ్చింది. కండలో కొంచెమే. కార్జంలో, కిడ్నీల్లో మాత్రం సీసం, కాడ్మియం హద్దు దాటి ఉన్నాయి. కంటికి కనిపించవు, ఉడికించినా పోవు.

ఆ కాగితం వచ్చి పది రోజులైంది. ఇంకోసారి పరీక్ష చేయించేదాకా నోరు మెదపొద్దని పై అధికారి అంటే తలూపాను. నీకేమో సరుకు రావడం లేదని అబద్ధం రాశాను, ఊళ్లో జనానికి మాత్రం ముద్రలు వేస్తూనే ఉన్నాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను. ఇవాళ ఆ ముద్ర ఆయన బల్ల మీద పెట్టి, ఇక వెయ్యనని చెప్పి వచ్చేశాను. ఉద్యోగం పోతే పోనీ. నీ కడుపులో బిడ్డకి ఏమైనా అయితే నీ మొహం ఎలా చూడను?

నీ అన్నయ్య


అన్నయ్యా,

పరీక్ష చేయించుకున్నాను. నాకేమీ లేదు, బిడ్డా బాగానే ఉంది. ఒక మాట నీ దగ్గర దాచాను. ఆ వాసనకి నాకు కడుపులో తిప్పేసేది, ఒక్క ముక్క కూడా తినలేదు. నువ్వు అంత ఆపేక్షగా పంపుతుంటే వద్దనడానికి నోరు రాలేదు. పారేయబుద్ధి కాక, పక్కింటి టైలరమ్మ మూడేళ్ల కూతురికి వండి పెట్టాను. బక్కపిల్ల, కాస్త ఒళ్లు చేస్తుందనుకున్నాను. లొట్టలేసుకుని తినేది. పంపేది నువ్వని తెలిసి నీకు కార్జం మామయ్య అని పేరు కూడా పెట్టింది.

ఈ మధ్య ఆ పిల్ల ఆటలు మానేసింది, ఊరికే కడుపునొప్పి అంటోంది. వాళ్లమ్మ ఎండదెబ్బ అనుకుంటోంది. నా రిపోర్టు వచ్చినప్పటి నుంచి రెండుసార్లు వాళ్ల గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చేశాను. పది రోజులు నువ్వు ఆగావు, రెండు రోజులు నేనూ ఆగాను. ఈ ఉత్తరం డబ్బాలో వేసి అటే వెళ్తున్నాను. పంపింది నువ్వనీ, వండి పెట్టింది నేననీ వాళ్లమ్మకి చెప్తాను. ల్యాబు కాగితం తీసుకుని వెంటనే రా.

చిట్టి